ఒకే పొలానికి రెండు పాసు పుస్తకాలు: పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్పిడి మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే. తెర మీద అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఇందాకే ఎవరో అన్నారు, అందుకని కమాండ్లు నేనే పైకి చదువుతాను. చిన్న బి, పెద్ద బి, రెండు డాష్‌లు అంటూ చదువుతుంటే ఒకటో తరగతి పంతులులా ఉంటుంది, ఓర్చుకోండి.

ఈ వేళ మాట్లాడేది ఒక్క కమాండు గురించి. పీజీ అప్‌గ్రేడ్. పాత మేజర్ వెర్షన్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే కమాండు. ముందు ఒకసారి చేతులెత్తండి. ప్రొడక్షన్‌లో ఇంకా 13 నడుపుతున్నవాళ్లు? బాగానే ఉన్నారు. 12? ఊఁ. 11? (నవ్వులు) ఆయన చెయ్యి సగం ఎత్తి దించేశారు. సిగ్గుపడకండి, నేనూ చాలాకాలం ఆ బెంచీ మీదే కూర్చున్నాను. కాకపోతే లెక్క చెప్పుకుందాం. ఏటా ఒక మేజర్ వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్లు ప్యాచ్‌లు ఇస్తారు. 12కి 2024 నవంబరుతో ఆగిపోయాయి. 13కి 2025 నవంబరుతో. ఆ తర్వాత సెక్యూరిటీ రంధ్రం బయటపడితే పూడ్చేది మీరే.

15.3 నుంచి 15.8కి వెళ్లడం గురించి కాదు నేను చెప్పేది. అది ప్యాకేజీ మార్చి సర్వర్ ఆపి లేపితే అయిపోతుంది, టీ చల్లారే లోపు. 11 నుంచి 15కి, 13 నుంచి 18కి వెళ్లడం వేరు. కొత్త సర్వర్ పాత డేటా డైరెక్టరీని చూసి, ఇది నాది కాదు పొమ్మంటుంది. పాతకాలం వాళ్లకి ఒక మాట: 10కి ముందు రెండంకెలు కలిపితేనే మేజర్. 9.5 నుంచి 9.6కి పోవడం కూడా పెద్ద మార్పే అప్పట్లో. 2017లో 10 వచ్చాక ఈ గందరగోళం పోయింది.

ఎందుకు పొమ్మంటుంది అనేది అర్థమైతే ఈ ఆప్షన్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అందుకని ఒక పోలిక చెబుతాను, చివరిదాకా దీన్నే వాడుకుంటాను. మీ టేబుళ్లలో ఉన్న డేటా పొలం అనుకోండి. సిస్టమ్ కేటలాగ్, అంటే ఏ టేబులు ఏ ఫైల్లో ఉంది, ఏ కాలమ్ ఏ రకం అని రాసుకునే పోస్ట్‌గ్రెస్ సొంత టేబుళ్లు, అవి అడంగల్ అనుకోండి. తెలంగాణ వాళ్లు పహాణీ అనుకోండి. కొత్త మేజర్ వెర్షన్ వచ్చినప్పుడల్లా మారేది అడంగల్ నమూనా. గళ్లు పెరుగుతాయి, కొన్ని పోతాయి. పొలం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. డిస్కు మీద వరసలు పేర్చే పద్ధతి చాలా అరుదుగా మారుతుంది.

మరి మనం ఏళ్ల తరబడి ఏం చేశాం? పీజీ డంప్‌ఆల్ కొట్టి, మొత్తం టెక్స్టుగా దింపి, కొత్త సర్వర్లో పోశాం. అంటే అడంగల్ నమూనా మారిందని పొలంలో మట్టిని తట్టలతో ఎత్తుకెళ్లి ఇంకోచోట పోసినట్టు. పోయడంతో సరిపోతుందా, ఇండెక్సులన్నీ, అంటే వరసల్ని త్వరగా వెతికిపెట్టే సూచికలన్నీ, మళ్లీ కట్టాలి. అంటే నాట్లు మళ్లీ వెయ్యాలి. యాభై గిగాబైట్లుంటే ఫరవాలేదు. టెరాబైట్లలో ఉంటే ఆ రాత్రి తెల్లారదు.

అలా కాదు, అడంగల్ మాత్రం కొత్తగా రాసి, పొలం ఉన్నచోటే ఉంచుదాం అన్నది పీజీ అప్‌గ్రేడ్. మొదట్లో దీని పేరు పీజీ మైగ్రేటర్, 8.3 నుంచి 8.4కి తీసుకెళ్లేది, విడిగా దొరికేది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ బ్రూస్ మోమ్‌జియన్ దీని వెనక చాలాకాలం పనిచేశాడు. 2010లో 9.0తో పాటు పేరు మార్చుకుని పోస్ట్‌గ్రెస్‌తోనే రావడం మొదలైంది. అయినా చాలాకాలం కాంట్రిబ్ అనే అదనపు సరంజామా మూలనే ఉంది, 9.5లో గానీ అసలు ప్రోగ్రాముల వరసలోకి రాలేదు. అందుకే మనలో పాతవాళ్లకి దీనిమీద ఇప్పటికీ కొంచెం అనుమానం. నాకూ ఉండేది.

సరే, కమాండు చదువుతాను. పీజీ అండర్‌స్కోర్ అప్‌గ్రేడ్. డాష్ చిన్న బి, పాత ప్రోగ్రాములున్న డైరెక్టరీ. డాష్ పెద్ద బి, కొత్త ప్రోగ్రాములున్న డైరెక్టరీ. డాష్ చిన్న డి, పాత డేటా. డాష్ పెద్ద డి, కొత్త డేటా. చిన్నక్షరం పాతది, పెద్దక్షరం కొత్తది. పోర్టుకీ అంతే, సర్వర్‌కి పంపే ఆప్షన్లకీ అంతే: చిన్న పీ పాతది, పెద్ద పీ కొత్తది, చిన్న ఓ పాతది, పెద్ద ఓ కొత్తది. రాత్రి రెండింటికి షిఫ్ట్ కీ మీద చిటికెన వేలు జారితే ఏమవుతుందో ఊహించుకోండి. దానికే నేను పొట్టి అక్షరాలు వాడటం మానేశాను. ఓల్డ్ డాష్ డేటాడిర్, న్యూ డాష్ డేటాడిర్ అని పూర్తిగా రాస్తాను. స్క్రిప్టు పొడుగవుతుంది, అవనివ్వండి. తారుమారుగా ఇచ్చినా అది వెర్షన్ చూసి ఆగిపోతుంది లెండి, వెనక్కి తీసుకెళ్లే పని దానికి రాదు. కానీ ఆ టైములో ఎర్ర అక్షరాలు కనబడితే మనిషి చెయ్యి వణుకుతుంది. వణికే చేత్తో చేసే రెండో పనే ప్రమాదం.

ఇక్కడ రెండు చిన్న సంగతులు. ఒకటి, నడపాల్సింది కొత్త వెర్షన్‌తో వచ్చిన పీజీ అప్‌గ్రేడ్‌ని, పాతదాన్ని కాదు. రెండు, మీరు నిలబడి ఉన్న డైరెక్టరీలో పోస్ట్‌గ్రెస్ యూజర్‌కి రాసే హక్కు ఉండాలి. రూట్ హోమ్‌లో ఉండి సుడో కొడితే, ఈ డైరెక్టరీలో చదివే, రాసే హక్కు లేదు అని గదమాయిస్తుంది. నా మొదటి అప్‌గ్రేడ్‌లో మొదటి ఎర్రర్ అదే. డేటాబేస్ గొడవేమో అనుకుని పావుగంట గూగుల్ చేశాను.

డెబియన్, ఉబుంటు వాళ్లకి ఇంకో తద్దినం ఉంది. అక్కడ కాన్ఫిగ్ ఫైలు డేటా డైరెక్టరీలో ఉండదు, ఈటీసీ కింద ఉంటుంది. అందుకని చిన్న ఓ, పెద్ద ఓ పెట్టి కాన్ఫిగ్ ఫైలు ఇదిగో ఇక్కడుంది అని రెండు సర్వర్లకీ చెప్పాలి. లేదంటే వాళ్ల సొంత కమాండు పీజీ అప్‌గ్రేడ్‌క్లస్టర్ వాడుకోవచ్చు, అది ఈ చాకిరీ అంతా చేసిపెడుతుంది. కానీ దాని మాన్యువల్ చదివి వాడండి. మెథడ్ ఏదీ చెప్పకపోతే అది డంప్ పద్ధతిలో పోతుంది, అంటే మళ్లీ తట్టలతో మట్టి. అప్‌గ్రేడ్ అని అడగాలి దాన్ని.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే విలువైన ఆప్షన్. డాష్ చిన్న సి. చెక్. ఇది దేన్నీ మార్చదు. పాత సర్వర్ నడుస్తుండగానే పట్టపగలు నడపొచ్చు. ఒక్కో తనిఖీ పేరు రాసి, చుక్కలు పెట్టి, చివర ఓకే అంటుంది. అన్నీ అయ్యాక రెండు నక్షత్రాల మధ్య, క్లస్టర్స్ ఆర్ కంపాటిబుల్. క్లస్టర్ అంటే ఒక సర్వర్ నడిపే డేటాబేసుల మొత్తం. జాతకాలు కుదిరాయి అన్నమాట. (నవ్వులు)

చాలామంది చెక్‌ని ఒట్టిగా నడుపుతారు. అసలు రాత్రి లింక్ అనే ఆప్షన్ పెట్టి నడుపుతారు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. తప్పు. రాత్రి ఏ ఆప్షన్లతో నడుపుతారో అవే ఆప్షన్లకి చెక్ కలిపి పగలు నడపండి. లింక్ పెడితే, హార్డ్ లింకు నిజంగా పడుతుందా లేదా అన్నది కూడా చెక్ చూస్తుంది. పాత డేటా ఒక డిస్కు మీద, కొత్త డేటా ఇంకో మౌంటు మీద ఉంటే పడదు. ఆ సంగతి మధ్యాహ్నం మూడింటికి తెలియాలి, అర్ధరాత్రి కాదు.

మా కేసు చెబుతాను. అప్పుడు నేను పనిచేసిన సంస్థ పేరు మనకి అక్కర్లేదు. 11 నుంచి 15కి వెళ్లాలి. దాదాపు ఒకటిన్నర టెరాబైట్ల డేటాబేసు, మ్యాపులు కూడా ఉన్నాయి, అంటే పోస్ట్‌జిస్ ఎక్స్‌టెన్షన్. వారం ముందు చెక్ నడిపాను. మొదటి ఆగుడు: విత్ ఓఐడీస్ అని, అంటే ప్రతి వరసకీ దాచిన నంబరు పెట్టే పాత పద్ధతిలో, సృష్టించిన టేబుళ్లు ఉన్నాయి, 12 నుంచి అవి చెల్లవు, జాబితా ఫలానా టెక్స్టు ఫైల్లో రాశాను చూసుకో అంది. తెరిచి చూస్తే మూడు టేబుళ్లు. ఎప్పుడో ఎవరో చేసి వదిలేసినవి, వాటిని వాడే మనిషే లేడు ఆఫీసులో. ఆల్టర్ టేబుల్, సెట్ వితౌట్ ఓఐడీస్ అని మూడుసార్లు కొడితే పోయింది.

రెండో ఆగుడు అంత తేలిగ్గా పోలేదు. లోడబుల్ లైబ్రరీస్ అని ఇంకో టెక్స్టు ఫైలు. అందులో ఒకే ఒక్క పేరు, పోస్ట్‌జిస్ డాష్ 2.5. సంగతేంటంటే, పాత పోస్ట్‌జిస్‌లో లైబ్రరీ ఫైలు పేరులోనే 2.5 అని ఉంటుంది. మన ఫంక్షన్లన్నీ ఆ పేరునే పట్టుకుని ఉంటాయి. కొత్త పోస్ట్‌గ్రెస్ 15 పక్కన ఉన్నది పోస్ట్‌జిస్ 3. పేరు కలవదు. అడంగల్లో రాసిన కరణం గారు ఊళ్లో లేరు. మందు ఏంటంటే, ముందు పాత సర్వర్లోనే, 11లోనే, పోస్ట్‌జిస్‌ని 3కి పెంచాలి, ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్‌ని మార్చాలి. రెండు మెట్లు. ఇది అసలు రాత్రే మొదటిసారి కనబడి ఉంటే? పాత సర్వర్ ఆపేసి ఉంటాం, అందరూ కాల్‌లో ఉంటారు, మ్యాపుల టీమ్ నిద్రపోతూ ఉంటుంది. ఆ ఆప్షన్‌కి ఒక్క అక్షరమే గానీ నాకు ఒక రాత్రి మిగిల్చింది.

చెక్ ఇంకా చాలా చూస్తుంది. ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు, అంటే సిద్ధం చేసి ఖాయమూ చెయ్యక రద్దూ చెయ్యక వదిలేసినవి, వేలాడుతుంటే ఒప్పుకోదు. రెండు క్లస్టర్లనీ సృష్టించిన యూజర్ పేరు ఒకటి కాకపోతే ఒప్పుకోదు, పేరు వేరైతే డాష్ పెద్ద యూ పెట్టి చెప్పాలి, కొత్తదాన్ని కూడా అదే పేరుతో కట్టాలి. ఇప్పుడు 18కి వెళ్లేవాళ్లు ఒకటి రాసుకోండి. 18లో కొత్త క్లస్టర్ కట్టే కమాండు ఇనిట్‌డీబీ, చెక్‌సమ్‌లు, అంటే పేజీ చెడిపోతే పట్టిచ్చే గుర్తులు, పెట్టేసే కడుతుంది, అడక్కపోయినా. మీ పాతదాంట్లో చెక్‌సమ్‌లు లేకపోతే జత కుదరదు, ఆగిపోతుంది. అప్పుడు కొత్తదాన్ని నో డాష్ డేటా డాష్ చెక్‌సమ్స్ అని చెప్పి కట్టండి, లేదా పాత సర్వర్ ఆపి పీజీ చెక్‌సమ్స్ అనే కమాండుతో దానికే పెట్టుకోండి. రెండోది మంచిది, కాకపోతే ప్రతి పేజీ చదివి రాస్తుంది, టైము చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. కాపీ, లింక్, క్లోన్, స్వాప్. డేటా ఫైళ్లని కొత్త క్లస్టర్‌కి ఎలా చేర్చాలి అన్న ప్రశ్నకి నాలుగు ముఖ్యమైన సమాధానాలు. అందరూ వీటిని వేగం లెక్కలో చూస్తారు. ఏది ఎన్ని నిమిషాలు అని. నేను చూసే లెక్క వేరు: పాత సర్వర్‌కి తిరిగి వెళ్లే దారి ఏ క్షణంలో మూసుకుపోతుంది?

ఏమీ చెప్పకపోతే కాపీ. ప్రతి ఫైలునీ నకలు తీస్తుంది. పాతది పాతగానే ఉంటుంది. డిస్కు రెండింతలు కావాలి, టైము కావాలి. పొలం పక్కన ఇంకో పొలం కొన్నట్టు.

లింక్, డాష్ చిన్న కే. నకలు తీయదు. అదే ఫైలుకి కొత్త డైరెక్టరీలో ఇంకో పేరు పెడుతుంది. హార్డ్ లింకు అంటే అదే కదా, డిస్కు మీద సరుకు ఒకటే, పేర్లు రెండు. ఒకే పొలానికి రెండు పాసు పుస్తకాలు. నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే మట్టి కదలలేదు, కాగితాలే కదిలాయి. రెండు పాసు పుస్తకాలుండగా ఇద్దరూ గట్టున కూర్చున్నంతసేపూ గొడవ లేదు. ఒకడు నాగలి కట్టాడా, రెండోవాడి పంట పోయినట్టే. ఆ నాగలి కట్టడం ఏంటంటే, కొత్త సర్వర్‌ని స్టార్ట్ చెయ్యడం. అంతవరకూ మీరు వెనక్కి రావచ్చు. కొత్తది లేచిన క్షణం నుంచి పాతది వాడటానికి వీల్లేదు.

ఇది పుస్తకంలో రాసి ఉంది, నాకు తెలుసు, మా టీమ్ అందరికీ తెలుసు. అయినా ఏమైందో చూడండి. శనివారం రాత్రి. రెండు గంటల విండో, అంటే సర్వర్ ఆపుకోవడానికి మాకిచ్చిన టైము. కాపీకి డిస్కులో చోటు లేదు, లింకే దిక్కు. పదిన్నరకి యాప్‌లు ఆపాం, సర్వర్ ఆపాం, లింక్‌తో నడిపాం. నాలుగైదు నిమిషాల్లో అప్‌గ్రేడ్ కంప్లీట్. కొత్త సర్వర్ లేపాం. యాప్ వాళ్లు తలుపులు తెరిచారు. పదకొండుంపావుకి ఒకరు, పేజీ తెరుచుకోవట్లేదండీ అన్నారు. తర్వాత ఇంకొకరు. సీపీయూ నూటికి నూరు. మూడు మిల్లీసెకన్లలో వచ్చే క్వెరీ నలభై సెకన్లు. కాల్‌లో పెద్దాయన ఒకరు, ఇక లాభం లేదు, వెనక్కి వెళ్లిపోదాం అన్నారు.

నేను ఆయనకి సమాధానం చెబుతుండగా పక్క కుర్చీలో మా కుర్రాడు పని మొదలుపెట్టేశాడు. చురుకైన పిల్లాడు. పాత సర్వర్‌ని స్టార్ట్ చెయ్యబోతే, గ్లోబల్ డైరెక్టరీలో పీజీ కంట్రోల్ ఫైలు లేదని చెప్పింది. వాడు పైకి స్క్రోల్ చేసి పీజీ అప్‌గ్రేడ్ చివర్లో ఏం చెప్పిందో చూశాడు. అక్కడ రెండు వాక్యాలుంటాయి. మొదటిది: పాత క్లస్టర్‌ని స్టార్ట్ చెయ్యాలంటే పీజీ కంట్రోల్ ఫైలు చివర ఉన్న డాట్ ఓల్డ్ తీసెయ్యండి. రెండోది: లింక్ వాడారు కాబట్టి కొత్త క్లస్టర్ ఒకసారి స్టార్ట్ అయ్యాక పాతదాన్ని స్టార్ట్ చెయ్యడం క్షేమం కాదు. వాడు మొదటి వాక్యం చదివాడు. రెండోది చదవలేదు. నేను తల తిప్పేసరికి తెర మీద డాట్ ఓల్డ్ తీసేసి ఉంది, కింద లైన్లో స్టార్ట్ కమాండు టైపు చేసి ఉంది, వేలు ఎంటర్ మీద ఉంది.

ఒరేయ్ ఆగరా అన్నాను. కాల్‌లో నలభై మంది విన్నారు. (నవ్వులు)

వాడు కొట్టి ఉంటే ఏమయ్యేది? పాత సర్వర్ లేచేది. అదే భయం. లేవకపోతే బాగుండు. టేబుళ్ల ఫైళ్లు రెండింటికీ ఒకటే, కానీ ఏ ట్రాన్సాక్షన్ ఖాయమైంది, ఏది రద్దయింది అని రాసుకునే ఫైళ్లు మాత్రం లింకు కావు, వాటిని నకలు తీస్తుంది. అంటే ఎవరి చిట్టా వాళ్లదే. ఆ ముప్పావుగంటలో కొత్త సర్వర్ రాసిన వరసలు పాత సర్వర్‌కి కనబడతాయి, కానీ వాటి ట్రాన్సాక్షన్ నంబర్లు దాని చిట్టాలో లేవు. అవే నంబర్లు అది రేపు వేరే పనులకి ఇచ్చుకుంటుంది. అప్పుడు ఒకరి ఆర్డరు ఇంకొకరి లావాదేవీతో పాటు బతుకుతుంది, లేదా చచ్చిపోతుంది. ఎర్రర్ రాదు. నెల తర్వాత లెక్కలు తేడా కొడతాయి. అందుకే పీజీ కంట్రోల్ పేరు మార్చి పెట్టింది ఆ ప్రోగ్రాము, అది తలుపుకి వేసిన గొళ్లెం.

అసలు జబ్బేంటో తెలుసా? స్టాటిస్టిక్స్ లేవు. క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చేది ప్లానర్, 18కి ముందు పీజీ అప్‌గ్రేడ్ దాని లెక్కల్ని వెంట తెచ్చేది కాదు. కొత్త సర్వర్‌కి ఏ టేబుల్లో ఎన్ని వరసలున్నాయో, ఏ కాలమ్‌లో ఏ విలువలున్నాయో తెలియదు, కొత్తగా బదిలీ అయి వచ్చిన తాసిల్దారులాగా. దాంతో చిన్న క్వెరీకి కూడా ఊరంతా తిరుగుతుంది. దానికి మందు వాక్యూమ్‌డీబీ, ఆల్, అనలైజ్ ఇన్ స్టేజెస్. మూడు విడతలుగా చేస్తుంది: మొదటి విడత టార్గెట్ 1తో, మరీ ముతకగా, గబగబా. తర్వాత 10. ఆ తర్వాత మామూలుగా ఉండేది. మొదటి విడత అయ్యేసరికే పేజీలు తెరుచుకోవడం మొదలైంది. ఆ లైను మా రన్‌బుక్‌లో, అంటే ఆ రాత్రి పనుల జాబితాలో, ఉంది. యాప్ తెరిచాక అని రాసి ఉంది. యాప్ తెరవక ముందు అని ఉండాలి. రాసింది నేనే.

18లో ఈ బాధ చాలావరకు పోయింది. స్టాటిస్టిక్స్‌ని కూడా మోసుకొస్తుంది, వద్దనుకుంటే నో డాష్ స్టాటిస్టిక్స్ ఉంది. అయినా కొన్ని రావు, క్రియేట్ స్టాటిస్టిక్స్ అని మనం చేసుకున్నవి అలాంటివి. అందుకే వాక్యూమ్‌డీబీకి మిస్సింగ్ స్టాట్స్ ఓన్లీ అని కొత్త ఆప్షన్ పెట్టారు, లేనివాటికి మాత్రమే లెక్క తీస్తుంది. మానకండి దాన్ని.

క్లోన్. ఇది 12లో వచ్చింది. ఇంత మంచి ఆప్షన్‌ని మనవాళ్లు ఎందుకు వాడరో నాకర్థం కాదు. లింక్ అంత వేగం ఉంటుంది, అయినా పాతది చెక్కు చెదరదు. ఎలాగంటే, ఫైల్ సిస్టమే ఆ మాయ చేస్తుంది. రెండు ఫైళ్లూ ఒకే బ్లాకుల్ని పంచుకుంటాయి, ఎవరైనా ఒక బ్లాకు మీద రాస్తే ఆ బ్లాకు ఒక్కటి విడిపోతుంది. ఉమ్మడి కుటుంబం పొలం, ఎవడు ఏ గట్టు మార్చుకుంటే అంతవరకే పంపకం. కాకపోతే ఫైల్ సిస్టమ్‌కి ఆ విద్య రావాలి. లినక్స్‌లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి వచ్చు, రిఫ్లింక్‌తో కట్టిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి వచ్చు. మ్యాక్‌లో ఏపీఎఫ్‌ఎస్‌కి వచ్చు. ఈఎక్స్‌టీ4కి రాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇన్ఫో అని కొట్టి రిఫ్లింక్ పక్కన 1 ఉందో 0 ఉందో చూడండి. ఆ రాత్రి నేను చూడలేదు. తర్వాత సోమవారం చూస్తే 1 ఉంది. (నవ్వులు) అవును, నవ్వండి.

స్వాప్ 18లో కొత్తది. పాత డైరెక్టరీలనే ఎత్తి కొత్తదాంట్లో పెట్టేసి, కేటలాగ్ ఫైళ్లు మాత్రం కొత్తవి మారుస్తుంది. లక్షల్లో టేబుళ్లు, ఇండెక్సులు ఉన్నవాళ్లకి లింక్ కంటే కూడా వేగం, ఎందుకంటే లింక్ ఒక్కో ఫైలుకీ ఒక్కో లింకు వెయ్యాలి. పాతది 10 లేదా ఆ పైది అయ్యుండాలి. కానీ తిరుగు దారి చూడండి: లింక్‌లో కొత్త సర్వర్ లేచేదాకా వెనక్కి రావచ్చు, ఇక్కడ ఫైళ్ల బదిలీ మొదలైన క్షణమే పాతది పనికిరాదు. మధ్యలో కరెంటు పోయినా అంతే. బ్యాకప్ మీద పూర్తి నమ్మకం ఉన్నవాళ్లే పెట్టుకోండి. నమ్మకం అంటే ఈ నెలలో ఒకసారి రీస్టోర్ చేసి చూసినవాళ్లు.

జాబ్స్, డాష్ జే, గురించి ఒక ముక్క. పదహారు కోర్లున్నాయి కదా అని జే 16 పెడతారు, ఏమీ వేగం రాలేదని నన్నడుగుతారు. అది పని పంచేది డేటాబేసుల వారీగా, టేబుల్‌స్పేసుల వారీగా, అంటే డేటా ఫైళ్లు పెట్టే చోట్ల వారీగా. మీ దగ్గర ఒక్కటే పెద్ద డేటాబేసు, ఒక్కటే టేబుల్‌స్పేసు ఉంటే పదహారు మంది కూలీలొచ్చినా ఒక్కడే గట్టెక్కుతాడు, మిగతావాళ్లు చెట్టు కింద.

కాన్ఫిగ్ ఫైళ్లు అది తీసుకెళ్లదు. సెట్టింగులుండే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్, ఎవరిని లోపలికి రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ రెండూ మీరే చూసి మార్చుకోవాలి. మర్చిపోతే షేర్డ్ బఫర్స్ 128 మెగాబైట్లు, కనెక్షన్లు 100. పెద్ద మెషీన్ మీద అది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పాత ఫైలుని అలాగే తెచ్చి పెట్టడమూ వద్దు, తీసేసిన సెట్టింగు ఒక్కటి ఉన్నా సర్వర్ లేవదు.

నాది అయిపోయింది, ప్రశ్నలు అడగండి.

(సభలోంచి: మేం అప్‌గ్రేడ్‌తో పాటే సెంటోస్ 7 నుంచి కొత్త ఓఎస్‌కి కూడా పోదామనుకుంటున్నాం. రెండూ ఒకేసారి చెయ్యొచ్చా?)

వద్దండీ. చేస్తే ఒకటి తెలుసుకుని చెయ్యండి. అక్షరక్రమం పోస్ట్‌గ్రెస్ సొంతంగా పెట్టుకోదు మామూలుగా, ఓఎస్ సీ లైబ్రరీని అడుగుతుంది. ఆ జీలిబ్‌సీ 2.28లో, 2018లో, క్రమం చాలా మారింది. సెంటోస్ 7లో ఉన్నది దానికంటే పాతది, 8లో ఉన్నది 2.28. పీజీ అప్‌గ్రేడ్ ఇండెక్స్ ఫైళ్లని ముట్టుకోదు కదా, పాత క్రమంలో పేర్చిన ఇండెక్సుని కొత్త క్రమం తెలిసిన సర్వర్ వెతుకుతుంది. ఉన్న పేరు లేదంటుంది. యూనిక్ ఉన్నచోట కూడా ఒకే పేరు రెండోసారి ఎక్కుతుంది. అలా వెళ్లారంటే టెక్స్టు కాలమ్‌ల మీద ఉన్న ఇండెక్సులన్నీ యాప్ తెరవక ముందే రీఇండెక్స్ చెయ్యాలి, అంటే మళ్లీ కట్టాలి. అదే మీ విండో అంతా తినేస్తుంది.

(సభలోంచి: మేం అమెజాన్ వాళ్లే సర్వర్ చూసుకునే ఆర్‌డీఎస్‌లో ఉన్నాం, ఈ ఆప్షన్లేవీ మాకు కనబడవు కదా సార్?)

కనబడవు, కానీ లోపల నడిచేది ఇదే. ప్రీచెక్ లాగ్ అని ఒకటి రాస్తుంది, ఆగిపోతే అది చదవండి, ఇందాక చెప్పిన కారణాలే ఉంటాయి. అక్కడ మీ తిరుగు దారి స్నాప్‌షాట్, అంటే అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన నకలు. అది కొత్త ఇన్‌స్టెన్స్‌గా లేస్తుంది, పేరు మారుతుంది, యాప్‌లో అడ్రసు మార్చాలి. ఆ మార్చేది ఎవరో ముందే అనుకోండి.

(సభలోంచి: క్లోన్ గానీ కాపీ గానీ పెడితే ఎప్పుడైనా వెనక్కి రావచ్చా మరి?)

మంచి ప్రశ్న, నేనే చెప్పి ఉండాల్సింది. పాత సర్వర్ క్షేమంగా లేస్తుంది, కానీ మీరు ఆపిన నిమిషం దగ్గరే లేస్తుంది. కొత్తదాంట్లో యాప్ గంటసేపు రాసినవి అందులో ఉండవు. కస్టమర్‌కి ఆర్డరు కన్ఫర్మ్ అయిందని మెసేజ్ వెళ్లిపోయాక వెనక్కి రావడం అంటే ఆ మెసేజ్ అబద్ధం అవుతుంది. కాబట్టి యాప్ తెరవక ముందు ఒక పావుగంట పెట్టుకోండి, లోపలివాళ్లే నాలుగు ముఖ్యమైన క్వెరీలు నడిపి చూసుకోవాలి. ఆ పావుగంటలోనే వెళ్లాలా, ఉండాలా తేలిపోవాలి. యాప్ తెరిచాక కూడా వెనక్కి దారి కావాలంటే లాజికల్ రెప్లికేషన్, అంటే ఒక సర్వర్‌లో మార్పులు ఇంకోదానికి పంపే ఏర్పాటు, పెట్టుకోవాలి, అది ఇంకో సాయంత్రం మాట్లాడుకునే సంగతి.

(సభలోంచి: డిలీట్ ఓల్డ్ క్లస్టర్ అని ఒక స్క్రిప్టు తయారుచేసి ఇస్తుంది కదండీ, అది ఎప్పుడు నడపాలి? మాకు డిస్కు నిండిపోతోంది.)

మీరు లింక్‌తో చేశారా? లింకా. అయితే అది నడిపినా డిస్కు ఖాళీ అవదండీ. పాత పేరు తీసేస్తారు, అంతే, సరుకు కొత్త పేరు మీద అక్కడే ఉంటుంది. రెండు పాసు పుస్తకాల్లో ఒకటి చింపితే పొలం ఏమీ తగ్గదు కదా. పాత వాల్ ఫైళ్లూ, అంటే మార్పుల చిట్టా ఫైళ్లూ, పాత కేటలాగూ ఉన్నంత మేర కొంచెం వస్తుంది. అయినా నడపండి, ఒక రెండు వారాలు చూసుకుని. ఎందుకంటే ఆ పాత డైరెక్టరీ అక్కడ ఉన్నంతకాలం, ఏదో ఒక రాత్రి ఎవరో ఒక చురుకైన కుర్రాడికి అది కనబడుతుంది. మా వాడి సంగతి అడిగారు ఇందాక మెట్ల దగ్గర ఒకరు. ఇప్పుడు వేరేచోట వాడే డీబీఏ లీడు. ఆ డాట్ ఓల్డ్ వాక్యం రెండు లైన్లూ ప్రింటు తీసి మానిటర్ కింద అంటించుకున్నాడు, మొన్న వీడియో కాల్‌లో కనబడింది.